నోటికి ఏమీ ఇవ్వలేదు

రజియా, నాగరాణి తాండూరు బాలికల హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. పది కాగానే రాణికి కొడంగల్ దారిలో ఒక ఊరికి పెళ్ళి చేసి పంపేశారు. రజియా ఇంటర్ చదివి, తర్వాత నర్సింగ్ చేసి, వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. పెళ్ళయ్యాక కూడా కాపురం తాండూరులోనే కాబట్టి పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలుకు తిరిగి రావడం. పద్దెనిమిదేళ్ళలో స్నేహితురాళ్ళిద్దరూ కలుసుకున్నది నాలుగైదు సార్లకు మించదు. కానీ రజియా తండ్రి పోయినప్పుడు ఎవరు కబురు చెప్పారో ఏమో, రాణి రెండు బస్సులు మారి వచ్చింది. ఏడ్చే ఆడవాళ్ళ మధ్య గోడకానుకుని కూర్చుని పొద్దుగూకేదాకా రజియా చెయ్యి వదల్లేదు. అలాంటి మనిషిని ఎవరైనా సొంత మనిషనే అనుకుంటారు. రజియా కూడా అలాగే అనుకుంది.

అక్టోబరులో ఒక సోమవారం పొద్దున, అంబులెన్స్ నుంచి దింపిన స్ట్రెచర్ వెనక చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తున్న మనిషి రాణి అని గుర్తుపట్టడానికి రజియాకు ఒక నిమిషం పట్టింది. స్ట్రెచర్ మీద ఉన్నది ఆమె భర్త మల్లేశ్వర్. గొర్రెల మంద ఉన్న ఇల్లు వాళ్ళది, నాలుగెకరాల కంది చేను కూడా ఉంది. మనిషి ఎత్తరి, కండపట్టిన శరీరం. మూడు రోజులుగా కడుపునొప్పి అంటూనే ఊళ్ళో సూదులు వేయించుకుని మంద వెంట తిరిగాడు. పేగు మెలికపడింది. డాక్టర్ మనోరమ పొట్ట తెరిచేసరికి మెలిక దగ్గర పేగు నల్లబడిపోయి ఉంది. అయిదడుగుల ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టింది.

బయటికొచ్చి డాక్టరమ్మ ఇంటివాళ్ళకు నాలుగు మాటల్లో చెప్పింది. "మనిషి గండం దాటాడు. కానీ కుట్టు వేసిన చోట పేగు ఇంకా వాచి ఉంది. వారం ఎనిమిది రోజులు నోటికి ఏమీ వద్దు. నీళ్ళు కూడా వద్దు. తిండి మొత్తం మెడ దగ్గరి నరంలో నుంచే."

మల్లేశ్వర్ తల్లి హన్మమ్మ, అన్న బీరన్న, రాణి ముగ్గురూ నిలబడి విన్నారు. విన్నారే కానీ ఎవరికీ బుర్రకెక్కలేదు.

"నరంల నుంచి తిండేంది బిడ్డా?" డాక్టరమ్మ వెళ్ళిపోయాక హన్మమ్మ రజియాను అడిగింది. "రొట్టె నరంల ఎట్ల పోతది?"

"రొట్టె పోదు పెద్దమ్మా. తిన్న రొట్టె అరిగినంక రక్తంల ఏం కలుస్తదో, గదే తయారుజేసి పంపిస్తరు."

రజియా సంచీ తెచ్చి చూపించింది. మూడు అరలున్న పెద్ద ప్లాస్టిక్ సంచీ. ఒక అరలో చక్కెర నీళ్ళు, ఒకదాంట్లో ప్రోటీన్‌ను విడగొట్టి కలిపిన నీళ్ళు, మూడో దాంట్లో పాలలాగా తెల్లటి కొవ్వు. బల్ల మీద పెట్టి ఒక కొస నుంచి చాప చుట్టినట్టు చుడుతూ ఒత్తితే లోపలి అడ్డుగోడలు విడిపోయి మూడూ కలిసి పలుచని పాలయ్యాయి.

"గిది గొర్రెపిల్లకు గూడ సాలదు," అంది హన్మమ్మ.

రాణి మాత్రం సంచీ వంక చూడలేదు. రజియా మొహంలోకే చూస్తూ, "గిన్ని దినాలు నోట్లె ముద్ద లేకుంటె మనిషి బతుకుతడానే?" అని అడిగింది.

"బతుకుతడు. గీ సంచి లేకుంటేనే కష్టం. పెద్ద ఆపరేషనైనంక ఒంట్ల పొయ్యి మస్తు మండుతది రాణీ. కట్టెలు దొరక్కుంటే ఇంటి దూలాలు, తలుపులు ఇరగ్గొట్టి పొయ్యిల పెట్టుకుంటది ఒళ్ళు. దూలాలంటే కండలు. గా కండలు కరిగి మూత్రంల పోతయి. కుట్టు మానాలన్నా, పుండు ఆరాలన్నా మళ్ళ గదే ప్రోటీన్ గావాలె. అందుకే పొద్దున్నుంచి మళ్ళ తెల్లారి పొద్దుగాల దాక మూత్రమంత డబ్బల పట్టి పరీక్షకు పంపిస్తం. ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి పోయింది అని డాక్టరమ్మ లెక్క జూస్తది."

రాణి తలూపింది. ఆ తలూపడం చూసి రజియా, అర్థమైందనుకుంది.

మూడో రోజుకు మల్లేశ్వర్ పిక్కలు చేతిలో పట్టుకుంటే వదులుగా జారాయి. బుగ్గలు లోపలికి పోయాయి. మూత్రం లెక్క కూడా బాగా లేదు. నరంలో ఎక్కించిన ప్రోటీన్ కంటే బయటికి పోతున్నదే ఎక్కువ. ఇలాంటప్పుడు మొదటి నాలుగు రోజులు ఎవరికైనా ఇంతే, సంచీలో ప్రోటీన్ పెంచుదాం అంది మనోరమ. కానీ కిటికీ అద్దంలోంచి కొడుకును చూసిన హన్మమ్మకు ఆ లెక్కతో పని లేదు.

"నా కొడుకును ఎండవెట్టి సంపుతున్రు," అని వరండాలోనే కూలబడి గట్టిగా ఏడ్చింది. "పొద్దుగాల మూడు జొన్న రొట్టెలు తినేటోడు. రెండు భుజాల మీద రెండు పొట్టేళ్ళనెత్తుకొని వాగు దాటేటోడు. గిప్పుడు సూడుండ్రి."

బీరన్న అప్పటికే ఆటో మాట్లాడటానికి బయల్దేరాడు. ఇంటికి తీసుకెళ్తానన్నాడు. రజియా గేటు దాకా వెంటపడి అతని ముందు నిలబడింది.

"అన్నా, జర ఆగు. మెడల తిండి పోయే గొట్టం, గీ లైను తీసేస్తే రెండు దినాలల్ల మనిషి పడిపోతడు. నేను రాణి దోస్తును. నాకు ఆయన పరాయోడు గాదు. నా మాట మీద ఇంకో వారం ఉండుండ్రి. ఏమన్నయితే నన్నడుగు."

బీరన్న ఆమె మొహంలోకి ఎగాదిగా చూశాడు. "నీ మాట మీదనే ఉంటున్నం మరి," అన్నాడు.

ఆ రోజే రజియా ఇంకో పని చేసింది. సర్జరీ వార్డులో పేషెంటు దగ్గరికి ఇంటివాళ్ళు సాయంత్రం ఒక గంట తప్ప రాకూడదు. రాణి బయట మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం చూడలేక, మల్లేశ్వర్ గదిలో మంచం పక్కన ఒక స్టూలు వేయించింది. మేట్రన్ సంతోషమ్మ అడిగితే, "నాతోని సదువుకున్నది మేడం, ఆమె ఉంటే ఆయనకు ధైర్యం," అని చెప్పింది. మేట్రన్ పెదవి విరిచింది కానీ కాదనలేదు. పన్నెండేళ్ళుగా రజియా చేతి మీద ఒక్క లైనూ పాడవలేదని వార్డులో అందరికీ తెలుసు.

అయిదో రోజు, శుక్రవారం, లెక్క దారికొచ్చింది. లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది దాదాపు సమానంగా తేలాయి. మల్లేశ్వర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. పెదవులకు తడి దూది రాస్తుంటే రజియాను చూసి నవ్వాడు. "చెల్లె, ఒక్క గుక్క మంచినీళ్ళియ్యరాదు," అని బతిమాలాడు. "సోమారం దాక ఓపిక వట్టన్నా," అంది రజియా. సంతోషంలో రాణి భుజం పట్టుకుని ఊపింది.

"ఇంక రెండు మూడు దినాలల్ల నోటికి షురూ చేస్తరటనే. మొదట నీళ్ళు, తర్వాత మజ్జిగ. గిప్పుడైతే ఏమొద్దు, యాదికుంచుకో."

అంటూనే గది గుమ్మం దగ్గరున్న కాగితం మీద రాణి చేత రోజులాగే సంతకం పెట్టించింది. 'నోటికి ఏమీ ఇవ్వకూడదని నాకు చెప్పారు' అని అందులో తెలుగులో రాసి ఉంది. రాణి చదివే సంతకం చేసింది. ఆ రోజు మధ్యాహ్నం రజియాకు కింది అంతస్తులో ఇద్దరు కొత్త పేషెంట్లు వచ్చారు. గంటన్నరసేపు ఆమె ఆ గది వైపు రాలేదు.

శనివారం పొద్దున రైలు దిగి వచ్చేసరికి మల్లేశ్వర్ ఒళ్ళు కాలిపోతోంది. నూటమూడు జ్వరం. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. మనోరమ పొట్ట నొక్కి చూసింది, ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టానికి పక్కన వేలాడుతున్న సంచీని చూసింది. అందులో కొత్తగా ఏమీ కనిపించలేదు. తర్వాత రజియా వైపు తిరిగి అడిగింది.

"నోటికేమైనా వెళ్ళిందా?"

"అడిగొస్త మేడం."

రాణి వరండా చివర కొళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. రజియా వెళ్ళి పక్కన నిలబడింది.

"రాణీ, నిజం చెప్పు. నిన్న ఏమన్న పెట్టినవా ఆయనకు? నీళ్ళు గాని, చాయ్ గాని? ఏం అననే. చెప్తే డాక్టరమ్మ ఇలాజ్ ఒక తీరు జేస్తది, లేకుంటే ఇంకో తీరు జేస్తది."

రాణి మొహం తుడుచుకుంటున్న కొంగు కళ్ళ మీదనే ఉంచి, "ఏం పెట్టలె," అంది.

"మంచిగ యాది చేసుకో."

కొంగు తీసి సూటిగా చూసింది. "నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు రజియా. నోటికేం ఇయ్యలె. నువ్వు గూడ నన్ను నమ్మకపోతే ఎట్లనే?"

రజియాకు సిగ్గనిపించింది, అడిగినందుకు. లోపలికి వచ్చి, "ఏమీ ఇవ్వలేదు మేడం. నేను హామీ. ఆమె నాతో అబద్ధం చెప్పదు," అంది.

నరంలో తిండి ఎక్కించే మనిషికి ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చి, కడుపులో కారణం కనిపించకపోతే, డాక్టర్లు మొదట అనుమానించేది మెడలోని లైనునే. అక్కడ క్రిములు చేరితే నేరుగా రక్తంలోకి పోతాయి. మనోరమ ఆ లైను తీయించేసింది. దాని కొసను కత్తిరించి పరీక్షకు పంపింది. కొత్తది మర్నాడు వేద్దామంది. లైను పాడైందంటే దాన్ని ముట్టుకున్న చెయ్యి పాడైందనే కదా. మధ్యాహ్నం మేట్రన్ నర్సులందరినీ గదిలోకి పిలిచి, సంచీ మార్చేటప్పుడు ఎవరెవరు ఎలా చేశారో ఒక్కొక్కరినే అడిగింది. అయిదు రోజుల్లో పగటి సంచీలన్నీ మార్చింది రజియానే. "చేతులు కడుక్కున్న తర్వాత మళ్ళీ దేన్నైనా ముట్టుకున్నావా?" అని చిన్నపిల్లను అడిగినట్టు అడిగారు. రజియా తలొంచుకుని జవాబు చెప్పింది. సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ధారూర్ దాటి తాండూరు వచ్చేదాకా తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంది. నిజంగానే ఎక్కడో తప్పు చేసి ఉంటానని నమ్మడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆమెకు సెలవు. అయినా మనసు నిలవక వచ్చింది. వచ్చేసరికి మల్లేశ్వర్ పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. తుప్పు రంగు చారలతో గొట్టం సంచీ సగం నిండింది. రజియా దాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. అడుగున తెల్లగా, గరుకుగా నలుసులు పేరుకుని ఉన్నాయి. మూత తీయగానే పులిసిన వాసన కొట్టింది. ఆమె ఎరగని వాసన కాదది. ఎండాకాలం వాళ్ళ అమ్మ కూడా ఇంట్లో కాచేది. జొన్న అంబలి.

 సంచీ పట్టుకునే డాక్టరమ్మ కోసం పరుగెత్తింది.

మనోరమ మళ్ళీ పొట్ట తెరిచింది. కుట్టు ఒక పక్క విడిపోయి కడుపంతా చీముపట్టి ఉంది. కడిగి, ఈసారి పేగు కొసను పొట్ట పైకి తీసి సంచీ కట్టి, మెడలో రెండో వైపు కొత్త లైను వేసి, గొట్టాలతో, ఊపిరి మిషనుతో మనిషిని ఐసీయూకు పంపింది. బయటికి వచ్చాక మాస్కు తీసి రజియాతో మెల్లగా అంది.

"ఆ అంబలి తాగకపోయినా కుట్టు విడిపోయేదేమో. వాపున్న పేగు, చెప్పలేం. అందుకు నేనెవరినీ తప్పుపట్టను. కానీ నిన్ననే ఆ మాట తెలిసుంటే నేను లైను పీకేదాన్ని కాదు, స్కాన్ తీయించేదాన్ని. ఒక రోజు పోయింది. ఆ రోజంతా అతనికి తిండి కూడా లేదు. ఆమె చెప్పకపోవడం ఒకటి. నువ్వు హామీ ఇవ్వడం ఇంకొకటి."



సోమవారం పొద్దున మేట్రన్ గదిలో అందరినీ కూర్చోబెట్టారు. బల్లకు ఆ వైపు మనోరమ, సంతోషమ్మ. ఈ వైపు హన్మమ్మ, బీరన్న, చివర రాణి. రజియా తలుపు పక్కన నిలబడింది. గొట్టంలో అంబలి నలుసులు వచ్చిన సంగతి మనోరమ చెప్పి, ఎవరు తాగించారని అడిగింది.

బీరన్న ఒక్కసారిగా లేచాడు. "అంబలా? ఎవలు తాపిన్రు?" అని అతను తిరిగి చూసింది మరదలి వైపే. హన్మమ్మ కూడా నెమ్మదిగా కోడలి వైపు తల తిప్పింది.

రాణి కొంగు కొసను వేలికి చుట్టుకోవడం రజియాకు కనిపించింది. ఆ క్షణంలో కూడా ఆమె మీద జాలే కలిగింది. ఒప్పుకుంటే పక్కన నిలబడి, తెలియక చేసింది, భయపెట్టకండి అని చెబుదామనుకుంది. ఆ మాటలు నోటి చివరిదాకా వచ్చి ఉన్నాయి.

"నేనే తాపిన," అంది రాణి. తల ఎత్తలేదు. "సిస్టర్ ఇయ్యమంటేనే ఇచ్చిన. ఇంక నోటికి షురూ జేయొచ్చు, పల్సగ కొంచెం కొంచెం ఇయ్యి అన్నది. నాకేం దెల్సు? సదువుకున్నామె జెప్పిందని ఇచ్చిన."

రజియాకు మొదట ఆ మాటలు తన గురించి అని తట్టలేదు. ఏ సిస్టర్ అలా చెప్పిందా అనుకుంది. గదిలో అందరూ తన వైపు తిరిగాకనే అర్థమైంది.

"రాణీ!" అని మాత్రం అనగలిగింది. "నేనెప్పుడన్ననే?"

"శుక్రారం అనలేదా? నోటికి షురూ చేస్తరటనే అని భుజం వట్టుకొని జెప్పలేదా?"

చెప్పింది. ఆ మాట నిజమే. నిజంలో సగం తుంచి మిగతాది పారేస్తే ఏమవుతుందో రజియా ఆ గదిలో నిలబడి చూసింది. ఎలా జవాబు మొదలుపెట్టినా, "అవును, అన్నాను, కానీ" అనే మొదలుపెట్టాలి. బీరన్న ఆ 'కానీ' దాకా ఆగలేదు.

"నీ మాట మీద ఉన్నం గదనే! నిన్నడగమన్నవు గద!" అని మీదికి వచ్చాడు. మేట్రన్ అడ్డుపడి అతన్ని కూర్చోబెట్టింది. ఆ సాయంత్రానికి రజియాను విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు.

తాండూరులో ఇంటి పక్కనే నాపరాళ్ళ పాలిష్ యూనిట్లు. పొద్దంతా కోత మిషన్ల రొద, ఆరేసిన బట్టల మీద తెల్లటి దుమ్ము. డ్యూటీకి పోయే రోజుల్లో ఆ రొద ఆమె చెవిన పడేది కాదు. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలలోనే రాళ్ళు కోస్తున్నట్టుండేది. భర్త యాసీన్ కూడా ఆ యూనిట్లలో ఒకదాంట్లోనే మిషన్ నడుపుతాడు. మధ్యాహ్నం తిండికి వచ్చి, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్న భార్యను చూసి, "ఖాలే రజియా," అనేవాడు. "నౌక్రీ పోతే ఇంకోటి దొరుకుతది. దాని ఫికరెందుకు?"

"నౌక్రీ గురించి గాదు," అంది ఒక రోజు. "ఆమె భయపడ్డది. నాకు తెలుసు. ఇంట్లోళ్ళు తంతరని భయపడ్డది. కానీ భయమైతే నా ఎనక దాక్కోవాలె గద, నన్ను ముందుకు నూకుడేంది? పద్దెనిమిదేండ్ల కింది దోస్తును."

యాసీన్ నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆమెకు మల్లేశ్వరే గుర్తొచ్చేవాడు. లైను తీసిన ఆ రోజంతా అతని ఒళ్ళు తనను తానే తింటూ ఉండి ఉంటుంది. ఆ రోజు తన మాటతోనే పోయింది. రాణి చేసిన మోసం బాధపెట్టేది. దానికంటే, ఆ మోసాన్ని మోసుకెళ్ళి డాక్టరమ్మ చేతిలో పెట్టింది తన నోరే కదా అన్నది ఎక్కువ బాధపెట్టేది.

పదకొండో రోజున పిలుపు వచ్చింది. లైను కొస పరీక్షలో క్రిములేవీ లేవని తేలింది, కాబట్టి ఆమె చేతుల మీద పడ్డ అనుమానం పోయింది. రాణి సంతకం చేసిన కాగితాలూ చూశారు. "నువ్వు వద్దని చెప్పినట్టు ఈ సంతకాలే సాక్ష్యం. తర్వాత నోటిమాటగా ఇవ్వమన్నావో లేదో దానికి సాక్ష్యం లేదు," అంది సంతోషమ్మ. రూలు తప్పి మనిషిని గదిలో కూర్చోబెట్టినందుకు ఒక మెమో ఇచ్చి డ్యూటీలోకి తీసుకున్నారు. మనోరమ మాత్రం వరండాలో ఆపి, "నాకు నీ మీద అనుమానం లేదు. పోయి అతని సంచీ మార్చు. కొత్త పిల్లలు సరిగ్గా మార్చడం లేదు," అంది.

మల్లేశ్వర్‌ను ఐసీయూ నుంచి వార్డులోకి తెచ్చారు. ఊపిరి మిషను తీసేశారు. యాభై కిలోల లోపుకు పడిపోయాడు. చెంపల మీద ఎముకలు పైకొచ్చి, మోచేతులు కర్రల్లా ఉన్నాయి. మాట ఇంకా సరిగా రాదు. రజియా చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, లైను మూత తుడిచి, కొత్త సంచీ తగిలించింది. చుక్కలు పడటం చూసి, కాగితం మీద టైము రాసింది. అతను కళ్ళు తెరిచి చూశాడు. ఆమె చూడనట్టు బయటికి వచ్చేసింది.

వరండాలో రాణి ఎదురైంది. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చింది.

"రజియా, నాతోని మాట్లాడవానే?"

రజియా ఆగింది.

"ఆయనే అడిగిండు," అంది రాణి గబగబా. "ఎండిపోతున్న రాణీ, ఒక్క గుక్క అని ఏడ్సిండు. నా మొగుడు ఏడ్వంగ నేనెప్పుడు సూడలే. మా అత్త ఇంటికాడికెల్లి ప్లాస్కుల అంబలి పంపింది, నా కోసమని. గదే మూడు గుక్కలు తాపిన. తెల్లారి జ్వరం సూసినంక నోరు తెరువ భయమైంది. ఆయనకేమన్నయితే అత్త, బావ నన్ను ఇంట్లుంచుతరా? పిల్లల్ని నా దగ్గర ఉండనిస్తరా? నీకైతే ఏమైతది, మహా అంటే కొలువు పోతది. నీ మొగుడున్నడు, సదువున్నది. నాకేమున్నదే?"

ఆమె చెప్పింది అబద్ధం కాదు. అదే రజియాను ఎక్కువ కోసింది. అంటే ఆ గదిలో తల వంచుకుని కూర్చున్నప్పుడు రాణి లెక్క వేసుకునే మాట్లాడింది. ఎవరికి ఎంత పోతుందో తూచి, తక్కువ పోయేది రజియాకని తేల్చుకుంది.

"సరే," అంది రజియా. "గిప్పుడాయన బతికిండు. భయం పోయింది గద. పోయి మీ అత్తకు నిజం చెప్పు. నాకింకేమొద్దు."

రాణి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చేతులు పట్టుకుంది. "గదొక్కటి అడగకే. నువ్వే చెప్పినవని అనుకోనీ. వాళ్ళు పోతరు, నువ్వు మళ్ళ వాళ్ళ మొకం సూసేదున్నదా?"

రజియా మెల్లగా చేతులు విడిపించుకుంది. "చేతులు కడుక్కోవాలె, జరుగు," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇరవై రోజులు సంచీలు మార్చింది. మూత్రం లెక్క నాలుగో రోజుకు సమానమైంది, తొమ్మిదో రోజుకు ఒంట్లో కొంచెం మిగలడం మొదలైంది. మనోరమ కాగితం చూసి తల ఊపింది. తర్వాత చెంచాతో నీళ్ళు, మజ్జిగ, మెత్తగా కలిపిన పప్పన్నం. ఒక రోజు మల్లేశ్వర్ గోడ పట్టుకుని వరండా చివరి దాకా నడిచి, అక్కడి కిటికీలోంచి అనంతగిరి వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. రజియా దూరం నుంచి అతని పిక్కలు చూసింది. నడకలో కండ మళ్ళీ బిగుస్తోంది. ఆ ఒక్క నిమిషం ఆమెకు మిగతావేవీ గుర్తుకు రాలేదు.

ఇంటికి పంపేరోజు హన్మమ్మ గేటు దగ్గర రజియాను నిలబెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బిడ్డా, నీకు నా కొడుకు మీద పగ లేదు, నాకెరుకనే. తెలిసీ తెల్వక జెప్పినట్టున్నవు. గానీ ఇంకెవలకు గట్ల జెప్పకు," అంది.

"నేను చెప్పలేదు పెద్దమ్మా," అంది రజియా. "వద్దని చెప్పిన. రోజూ చెప్పిన. నీ కోడల్ని అడుగు."

హన్మమ్మ తిరిగి చూసింది. రాణి మందుల సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. అత్త చూపు మీద పడ్డా తల ఎత్తలేదు, నోరు విప్పలేదు.

"నా కోడలు నాతోని అబద్ధమాడదు," అంది ముసలమ్మ, కొంచెం నొచ్చుకుని. "నెల దినాలు నిద్రాహారం లేకుండ మొగని కాళ్ళకాడ కూసున్న పిల్ల. దాన్నెందుకంటవు బిడ్డా?" కోడలి భుజం మీద చెయ్యి వేసి ఆటో ఎక్కించుకుంది.

ఏ అత్తకు భయపడి రాణి ఆ అబద్ధమాడిందో ఆ అత్త మనసులో కోడలికి ఇంత చోటుందని, ఒప్పుకున్నా కడుపులో పెట్టుకునేదని రజియాకు అప్పుడు తెలిసింది. రాణికి ఇప్పటికీ తెలిసినట్టు లేదు.

నెలన్నర గడిచాక మల్లేశ్వర్ ఒక్కడే బస్సులో చూపించుకోవడానికి వచ్చాడు. రజియా బరువు చూసింది. యాభై ఎనిమిది. దండచెయ్యి చుట్టూ టేపు పెట్టి కొలిచింది. రెండు సెంటీమీటర్లు పెరిగింది. రాసుకుంటుంటే అతను బెంచీ మీద నుంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టాడు. విప్పితే నల్లటి కొత్త గొంగడి.

"నీ కోసం నేయించిన చెల్లె. మా మంద ఉన్నే."

రజియా దాన్ని ముట్టుకోలేదు. అతను గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు యాదికున్నది. అడిగింది నేను. తాపింది రాణి. అప్పుడు నువ్వు గదిల లేవు. నువ్వు చెప్పలేదని నాకెరుకే."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. "ఎప్పటి నుంచి యాదికున్నది?"

"మిషన్ తీసినప్పటి నుంచే."

"అంటే నేను రోజూ సంచి మార్చినన్ని దినాలు."

అతను గొంగడి అంచు సర్దాడు.

"అమ్మకు చెప్పినవా అన్నా?"

"ఎందుకు చెల్లె ఇంట్ల లొల్లి? పోయింది పోయింది. నువ్వు మంచిదానివి, మనసుల పెట్టుకోవనుకున్న."

గదిలో ఇంకా నలుగురు వరుసలో ఉన్నారు. రజియా కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. గొంగడి మూటను మళ్ళీ జాగ్రత్తగా కట్టి అతని వైపు జరిపింది.

"దీన్ని మీ అమ్మ చేతులకియ్యి. జరిగింది జరిగినట్టు చెప్పి ఇయ్యి. ఆమె తెచ్చి ఇస్తే కండ్లకద్దుకొని తీసుకుంట. నీ చేతికెల్లి మాత్రం తీసుకోను."

మల్లేశ్వర్ మూట చంకలో పెట్టుకుని లేచాడు. నడక గట్టిగానే ఉంది.

ఎండాకాలంలో మనోరమ అతని పేగును తిరిగి లోపల పెట్టి కుట్టింది. బాగానే మానిందని, మంద వెంట తిరుగుతున్నాడని రజియాకు కొడంగల్ వైపు నుంచి వచ్చిన ఒక పేషెంటు ద్వారా తెలిసింది. ఆ ఆపరేషన్ రోజుల్లో ఆమె అడిగి వేరే వార్డుకు మారింది. గొంగడి రాలేదు. హన్మమ్మ కూడా రాలేదు.